గడియ వేసింది నేనే

కథ విని మనిషిని అరెస్టు చేసిన పోలీసును చూడటం నాకు అదే మొదలు. అది అచ్చయిన కథ కూడా కాదు, నోటితో చెప్పిన కథ. చెప్పింది భీమవరం చేపల మార్కెట్లో బుట్ట ముందు కూర్చునే లోవలక్ష్మి. సాయంత్రం నాలుగింటికి ఆమెను మేజిస్ట్రేటు ముందు పెడతారు. హత్య కేసులో రిమాండుకు వెళితే మళ్ళీ ఎప్పుడు బయటికొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. నేను స్టేషన్‌లో అడుగుపెట్టేసరికే పన్నెండు దాటింది.

సీఐ నాగేశ్వరప్రసాద్ నన్ను చూసి కుర్చీలోంచి లేవలేదు. సామర్లకోటలో ఆయన పట్టుకున్న దొంగ దొంగే కాదని తేల్చింది నేను. ఆ కారం ఇంకా దిగలేదు పాపం.

“రండి మీనాకుమారి గారూ. రాజమండ్రిలో పనేం లేదా?”

“మార్కెట్ ఆడవాళ్ళందరూ కలిసి పిలిచారండి. వాళ్ళు పిలిస్తే రాకుండా ఉండగలమా? వాళ్ళ నోళ్ళు మీకు తెలుసుగా.”

“ఎందుకు తెలియదు! ఆ నోటి వల్లే కదా ఇది లోపలికొచ్చింది,” అంటూ ఫోను బల్ల మీద పెట్టి నొక్కాడు.

లోవలక్ష్మి గొంతు గదంతా నిండింది. మధ్యాహ్నం బేరాలు తగ్గాక ఫోనును బుట్టకి ఆనించుకుని కథలు చెప్పి యూట్యూబులో పెడుతుందామె. వేలమంది వింటారు. నేనూ విన్నాను. రాజమండ్రి నుంచి బస్సులో వస్తూ ఈ ఒక్క కథనే చెవుల్లో పెట్టుకుని వింటూ వచ్చాను.

“గడప మీద నిలబడ్డాను. నా ప్యాంటు అంచులు పైకి మడిచి ఉన్నాయి. బూట్ల ముక్కులు ఆయన వైపే ఉన్నాయి. ఆయన ఏదో అంటున్నాడు. నేను మాట్లాడలేదు. తలుపు మూశాను. గడియ వేసింది నేనే. ఆయన రెండడుగులు వెనక్కేశాడు. కుడికాలి చెప్పు జారిపోయింది. మళ్ళీ తలుపు దగ్గరకెళ్ళాడు. మడమలు పైకి లేచాయి, దిగాయి, మళ్ళీ లేచాయి. నా కళ్ళు మండుతున్నాయి. అప్పుడు చెయ్యి కిందికొచ్చింది. రెండు ఉంగరాలున్న చెయ్యి. చెప్పు కోసం కాదు, నేల కోసం...”

సీఐ ఆపేశాడు. “ఇంకేం కావాలండి? గడియ వేసింది నేనే అంటోంది. నేను బెదిరించలేదు, కొట్టలేదు. ఊరందరికీ తనే చెప్పింది.”

చనిపోయింది జానకిరామ్ గారని ఐస్ ఫ్యాక్టరీ యజమాని. పోయిన నెలలో తన ఐస్ గదిలోనే అమ్మోనియా పీల్చి పోయాడు. బయటి గడియ దానంతటదే పడిందనీ, లోపలి గొట్టం దానంతటదే వదులైందనీ ప్రమాదం కింద రాసేశారు. రెండూ ఒకే ఉదయం వాటంతటవే జరిగాయంటే నమ్మిన మహానుభావుడు ఈయనే. తరవాత లోవలక్ష్మి కథ వాట్సాపుల్లో ఊరంతా తిరిగింది. కథలో ఊరూ పేరూ లేకపోయినా అందరికీ తెలిసిపోయింది. ఆపైన ఒకటి గుర్తొచ్చింది జనానికి. ఐసు విషయంలో మాటా మాటా పెరిగి జానకిరామ్ ఆమె బుట్టను కాలితో తన్నినప్పుడు, “నీ ఐసులోనే నువ్వు గడ్డకట్టి పోతావురా” అని ఆమె మార్కెట్ దద్దరిల్లేలా శపించింది. ఇంకేం, సీఐ గారు కేసు మళ్ళీ తెరిచారు.

“ఉత్తమ పురుషలో చెప్పిన కథండీ అది,” అన్నాను.

“పురుషుడెక్కడున్నాడండి ఇందులో?”

ఆయన నిజంగానే అడిగాడో వెటకారమాడాడో నాకు ఇప్పటికీ తెలియదు. “‘నేను’ అని చెప్పే కథని అలా అంటారు. ఆ నేను, చెప్పేవాళ్ళూ ఒకరే కానక్కర్లేదు. దొంగ కథ ‘నేను’ అని రాసినవాణ్ణల్లా దొంగతనం కింద లోపలేస్తే మీకు జైళ్ళు చాలవు.”

“అవన్నీ మీ పత్రికల కబుర్లు.”

అవును, పత్రికల కబుర్లే. రాజమండ్రిలో ఒక వారపత్రికకి ఇరవై ఏళ్ళు కథలు ఏరిపెట్టాను. అది మూతపడ్డాక డిటెక్టివ్ బోర్డు పెట్టాను. నా దృష్టిలో రెండూ ఒకటే ఉద్యోగం. కథ చేతికిస్తే నేను మొదట చూసేది భాష కాదు, నీతి కాదు. ఈ కథని చూస్తున్న కన్ను ఎక్కడ కూర్చుని ఉంది? దానికి ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు? తలుపు బయట నిలబెట్టిన మనిషికి లోపలి ముచ్చట్లు తెలిసిపోతుంటే ఆ కథ తిప్పి పంపేదాన్ని. లోవలక్ష్మి కథ పత్రికకి వచ్చి ఉంటే తిప్పి పంపేదాన్నే. బస్సులోనే నాకు ఆ సంగతి తట్టింది.

లోవలక్ష్మిని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. నలభై ఏళ్ళుంటాయి. కళ్ళలో భయం లేదు. అదే నాకు వింతగా అనిపించింది.

“ఈ కథ నీకెవరు చెప్పారమ్మా?”

“ఎవరూ చెప్పలేదండి. నాకే తోచింది.”

“నువ్వు ప్యాంటు వేసుకుంటావా?”

“ఛ, ఛ. ఏంటండీ ఆ మాటలు!”

“మరి కథలో ‘నా ప్యాంటు అంచులు’ అన్నావు.”

“కథకి బాగుంటుందని పెట్టానండి.”

“ఆ ఐస్ గది లోపలికి ఎప్పుడైనా వెళ్ళావా?”

“ఆడోళ్ళని రానివ్వరండి లోపలికి. బయటే నిలబెడతారు.”

“లోపల ఆయన మడమలు లేపాడని నీకెలా తెలుసు?”

ఆమె పెదవులు బిగించింది. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకున్నాడు. నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

“మీ అమ్మమ్మ సోది చెప్పేదట కదా?”

ఈ ప్రశ్నకి మాత్రం మొహం మారింది. “ఆయ్. మా అమ్మమ్మ పెద్ద సోదిగత్తెండి. నర్సాపురం నించి కూడా వచ్చేవోళ్ళు. చచ్చిపోయినోళ్ళు ఆవిడ నాలిక మీదికొచ్చి మాటాడేవోళ్ళు. ‘నేనొచ్చేనమ్మా, నేను ఫలానావోణ్ణి, నాకిలా జరిగింది’ అని. అన్యాయంగా పోయినోడి మాట బయటపెట్టకుండా నోట్లో దాచుకుంటే ఇంటికి అరిష్టమండి. అందుకే నేనూ అలాగే చెప్తాను, ఎవరి కథైనా.”

“విన్నారా?” అని సీఐ వైపు తిరిగాను. “సోదిగత్తె ‘నేను నూతిలో పడి చచ్చానమ్మా’ అంటే ఆవిడకి పంచనామా చేయిస్తారా మీరు?”

సీఐ మొహం ఎర్రబడింది. కానీ నేను గెలిచానని అనుకునేలోపే లోవలక్ష్మి అడ్డం తిరిగింది.

“ఇదిగోండి, నాకెందుకండీ ఈ గొడవ? కథలో నేనన్నది నేనేనండి. గడియ నేనే వేశాను. రాసేసుకోండి.”

“ప్యాంటు వేసుకునా?”

“ఏసుకున్నాను. మీకేం?”

మొండిఘటం అనుకున్నాను. కాపాడటానికి వచ్చిన మనిషి చెయ్యి విదిలించి మరీ మునిగిపోతానంటోంది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో, ఎందుకు మునుగుతానంటోందో అడగడం మానేశాను.

“సరే, ఫ్యాక్టరీకి వెళ్దాం పదండి,” అన్నాను సీఐతో. “మీ ముద్దాయి ఎక్కడ నిలబడి గడియ వేసిందో అక్కడే మీ కేసు కూలిపోతుంది. నాలుగింటి వరకూ టైముంది.”

“రండి. మీ కళ్ళతోనే చూసి వెళ్ళండి రాజమండ్రికి.”

మేం బయల్దేరేసరికి స్టేషన్ గుమ్మంలో ఒక పిల్ల క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. లోవలక్ష్మి చెల్లెలు నూకరత్నం. ఇరవై రెండో, ఇరవై మూడో ఏళ్ళుంటాయి. అక్క జీపెక్కుతుంటే క్యారేజీ ఊపుతూ, “అక్కా, తినలేదు కదే,” అంది. లోవలక్ష్మి ఆ పిల్ల వైపు చూడకుండానే, “నువ్వు ఇంటికి పో. పో అంటే పో,” అని కసిరింది. పిల్ల వెళ్ళలేదు. ఆటో ఎక్కి మా వెనకే వచ్చింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర మేనేజరు ఉదయ్‌కుమార్ ఎదురొచ్చాడు. మర్యాదగల మనిషి. యజమాని పోయాక ఫ్యాక్టరీ అంతా అతనే చూస్తున్నాడట. జానకిరామ్ పేరెత్తితే చాలు, కళ్ళు తుడుచుకున్నాడు. నేల తడి కాబట్టి ప్యాంటు మోకాళ్ళ కిందిదాకా మడిచి ఉంది. అక్కడ మగవాళ్ళందరివీ మడిచే ఉన్నాయి, సీఐ గారివి తప్ప. లోవలక్ష్మిని గేటు లోపలే జీపులో ఉంచి మేం లోపలికి వెళ్ళాం.

ఐస్ గది తలుపు నా జానెడు మందం. రెండు చెక్కల మధ్య థర్మాకోల్ కూరారు. కన్నం లేదు, అద్దం లేదు, సందు లేదు. బయట వైపు ఇనప గడియ. లోపల వరసలుగా ఐసు దిమ్మలు, పైన ఒక బల్బు, గోడ వెంట అమ్మోనియా గొట్టం. కొత్త వాల్వు వేశారు. అయినా వాసన ముక్కులో సూదిలా దిగింది.

“కథలో ‘నేను’ ఎక్కడుంది?” అని సీఐని అడిగాను.

“ఇక్కడ. గడప మీద. తరవాత తలుపు మూసి, ఇదిగో, బయట.”

“మూశాక లోపల ఏం కనిపించింది ఆ ‘నేను’కి?”

సీఐ తలుపు వైపు చూశాడు.

“చెప్పు జారడం, మడమలు లేవడం, చెయ్యి కిందికి రావడం, ఇవన్నీ తలుపు మూశాక జరిగినవి. ఈ చెక్కలోంచి చూసిందా?”

“శవాన్ని బయటికి తీసినవాళ్ళు చెప్పి ఉంటారు. చెప్పు విడిపోయి ఉందని అందరూ చూశారు.”

“మడమలు లేచాయని శవాన్ని చూసి చెప్పగలరా? అసలు ఎందుకు లేచాయో మీకు తెలుసా?”

ఇది మాత్రం ఆయనకి తెలుసు. ఆయన రిపోర్టులోనే ఉంది. తలుపు పైన గోడలో గాలి కోసం పెట్టి, మూసేసిన చిన్న చెక్కపలక మీద జానకిరామ్ వేలిముద్రలు, గోటి గీతలు దొరికాయి. అది తెరుద్దామని మునికాళ్ళ మీద నిలబడి గీరాడు పాపం.

“అంటే చెప్పినావిడ నిజం చెప్పింది,” అన్నాడు సీఐ నెమ్మదిగా. “మీరు నా కేసుకే బలమిస్తున్నారు.”

“నిజం చెప్పింది. సగం. మడమలు లేచాయంది. చేతులు పైకెళ్ళాయని ఎందుకు అనలేదు? గోళ్ళు గీరుతున్న మనిషిని చూస్తే ఎవరైనా మొదట చెప్పేది చేతుల సంగతి. కథ మొత్తం వినండి మళ్ళీ. ఆయన మొహం ఉందా? నోరు తెరిచాడా, దగ్గాడా, కళ్ళు తేలేశాడా? పాదాలు, జారిన చెప్పు, కిందికొచ్చాక చెయ్యి. అంతే. నడుం పైన మనిషే లేడు ఆ కథలో.”

ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు. పనివాళ్ళు ఒకరిద్దరు దగ్గరికొచ్చి వింటున్నారు. నాకు అటువంటప్పుడు గొంతు ఇంకా పెరుగుతుంది, పాడు అలవాటు.

“ఇంకోటి. బూట్ల ముక్కులు ఆయన వైపే ఉన్నాయట, ప్యాంటు అంచులు మడిచి ఉన్నాయట. మనిషిని చంపబోయేవాడు తన కాళ్ళని తాను ఎదుటి నుంచి చూసుకుంటాడా? ఆ కాళ్ళని చూస్తున్నది ఇంకొకరు. గది లోపలి వైపు నుంచి, నేలకి దగ్గరగా. మేనేజర్ గారూ, ఈ గదికి ఇంకో దారేమన్నా ఉందా?”

ఉదయ్‌కుమార్ ఒక్క క్షణం ఆలోచించాడు. “దారి కాదండి. వెనకాల కంత ఉంది. దిమ్మలు క్రషర్లోకి తోయడానికి. మనిషి పట్టడు.”

“కన్ను పడితే చాలు. చూపించండి.”

వెనక వైపు గోడకి మోకాలెత్తున ఉంది ఆ కంత. పైనుంచి వేలాడే చెక్కమూత. కింద క్రషర్ తొట్టి, దాని చుట్టూ విరిగిన ఐసు ముక్కలు. “జాగ్రత్త మేడమ్, జారుతుంది,” అంటూ ఉదయ్‌కుమార్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. నా మోకాళ్ళు గోల పెట్టినా తడిలోనే గొంతుక్కూర్చుని మూత ఎత్తాను. రెండు వరసల దిమ్మల మధ్య సందులోంచి తలుపు దాకా కనిపించింది.

“సీఐ గారూ, తలుపు దగ్గర నిలబడండి!”

నిలబడ్డాడు. నల్లబూట్లు, ఖాకీ ప్యాంటు, బెల్టు. అంతే. మెడ వంచినా, తల నేలకి ఆనించినా అంతకుపైన అడ్డంగా పేర్చిన దిమ్మలే కనిపించాయి.

“మీ చేతులు ఎక్కడున్నాయో నాకు కనిపించడం లేదు. ఇప్పుడు మునికాళ్ళ మీద నిలబడండి.”

మడమలు లేచాయి. చెబితే నమ్మరు, లోవలక్ష్మి గొంతులో విన్నదంతా నా కళ్ళ ముందు కదిలింది. అమ్మోనియా ఇటుగా కొట్టింది. నాకూ కళ్ళు మండాయి. కథలో కళ్ళు మండింది గడియ వేసినవాడికి కాదు. వాడు మూసిన తలుపు అవతల చల్లగా ఉన్నాడు. మండింది ఇక్కడ కూర్చున్నవాళ్ళకి.

“అంటే ఎవరో ఇక్కణ్ణుంచి చూశారంటారా మేడమ్?” అన్నాడు ఉదయ్‌కుమార్ నా వెనక నుంచి.

“చూశారు. కచ్చితంగా. గడియ వేసినవాడు ఒకడు, చూసినవాళ్ళు వేరొకరు. చూసినవాళ్ళు లోవలక్ష్మికి చెప్పారు. ఆమె అమ్మమ్మ పద్ధతిలో చంపినవాడి నోటితో ‘నేను’ అని చెప్పింది. కథ గడప మీద మొదలైంది కానీ కన్ను మాత్రం ఇక్కడే ఉండిపోయింది.”

“మీరు చాలా తెలివైనవారండి,” అన్నాడతను. “మోకాళ్ళు తడిసిపోయాయి. లోపలికెళ్ళి కూర్చోండి, మంచినీళ్ళు తెప్పిస్తాను.”

సీఐ చుట్టూ తిరిగి వచ్చి, నా పక్కన తనూ గొంతుక్కూర్చుని, ఆ కంతలోంచి చాలాసేపు చూశాడు. లేచేటప్పుడు మొహంలో వెటకారం లేదు. చెడ్డ పోలీసు కాదు, తొందర మనిషి.

“ఇక్కడ పొద్దున్నే ఎవరుంటారు?” అన్నాడు ఒక పనివాడితో.

“క్రషర్ ఆడే ముందు ఆడోళ్ళొస్తారండి, కింద రాలిన ముక్కలు బుట్టల్లో ఏరుకోడానికి. పెద్దాయన పోయిన్రోజు సెలవండి. ఎవరొచ్చారో మాకు తెలీదు.”

“లోవలక్ష్మి చెప్పాలి ఆ పేరు,” అన్నాను. “ఇప్పుడు చెప్పక తప్పదు. ఆమెని వదిలేయడమే మీ పని, కన్ను ఎవరిదో కనుక్కోవడం నా పని.”

నిజం చెప్పొద్దూ, జీపు దాకా నడిచిన ఆ కాసేపూ నాకు భలే గర్వంగా ఉంది. మంచినీళ్ళు రాలేదన్న సంగతి కూడా పట్టలేదు.

లోవలక్ష్మి జీపులో ఊచ పట్టుకుని కూర్చుంది. “నువ్వు గడియ వెయ్యలేదని తేలిపోయిందమ్మా,” అన్నాను. “వెనక కంతలోంచి చూసి నీకు చెప్పిందెవరు?”

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మొహంలో రక్తం చుక్క లేదు.

“ఎవరికి చెప్పారండీ ఈ మాట?”

“అందరి ముందే చూపించాను. సీఐ గారు, పనివాళ్ళు, మేనేజరు...”

“అమ్మో, అమ్మో, ఎంత పని చేశారండీ!” అని రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. “మా చెల్లండీ! నూకరత్నం! రోజూ ముక్కలేరుకోడానికొచ్చే పిల్లని ఇక్కడందరికీ తెలుసండి, ఆ పొద్దూ వచ్చింది. కాళ్ళే చూసింది. మొహం చూడలేదండి, ఎవరో దానికి తెలీదు. అరిస్తే ఆ కాళ్ళు ఇటొస్తాయని నోరు నొక్కుకుని పరిగెత్తుకొచ్చింది. నాకు చెప్పి మూడ్రోజులు జ్వరపడింది. చచ్చినోడి మాట దాచుకోకూడదు, చెప్తే దీన్ని బతకనివ్వరు. అందుకే ‘నేను, నేను’ అని చెప్పానండి. పోలీసులు నన్నట్టుకుపోయారు, ఆ చంపినోడు హాయిగా పడుకున్నాడు. చూసినోళ్ళున్నారని ఎవడూ వెతకలేదు. నాలుగేళ్ళో పదేళ్ళో, నేను లోపలుంటే అది బతుకుద్ది కదాని!”

మొండిఘటం అనుకున్నాను ఆ మనిషిని.

“నూకరత్నం ఏది?” అని సీఐ అరిచాడు. గేటు బయట, ఆటో దిగిన చోట గోడ పక్కన క్యారేజీ ఒక్కటే ఉంది.

గేటు దగ్గరున్న వాచ్‌మన్ వీరాస్వామి బెదిరిపోయి చేతులు నలుపుకున్నాడు. “ఇప్పుడేనండి, మేనేజర్ గారు బండి మీద ఎక్కించుకెళ్ళారు. మీ అక్కని వదిలేస్తున్నారు, కోర్టులో నువ్వు సంతకం పెట్టాలి, రా అమ్మా అన్నారండి. పిల్ల ఏడుస్తా నవ్వుతా ఎక్కింది.”

సీఐ ఫోను తీసి ఉదయ్‌కుమార్ నంబరు కొట్టాడు. స్విచాఫ్. మళ్ళీ కొట్టాడు. నేను వాచ్‌మన్ని ఎటు వెళ్ళారని అడిగాను. అతను గేటు వేస్తూ అటు తిరిగి ఉన్నాడట, చూడలేదు. కుడికి తిరిగితే ఉండి వెళ్ళే రోడ్డు, ఎడమకి తిరిగితే వీరవాసరం. ఎటు చూసినా రొయ్యల చెరువులే. మధ్యాహ్నం ఎండకి గట్ల మీద మనిషన్నవాడు ఉండడు.

లోవలక్ష్మి ఏడవడం మానేసింది. ఊచల్లోంచి చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. నొక్కలేదు, తిట్టలేదు. మెల్లగా అడిగింది.

“నేనన్నది నేనేనని చెప్పాను కదండీ. ఊరుకుంటే మీ సొమ్మేం పోయింది?”

సీఐ నన్ను జీపులోకి లాగి తలుపు వేశాడు. డ్రైవరు గేటు దాటించి బ్రేకు మీద కాలు పెట్టి, ఎటు పోనివ్వమంటారండీ అని వెనక్కి తిరిగి చూశాడు. మాలో ఎవరికీ తెలియదు.